గ్రూమర్ టిప్పు: గొడవంతా ఆ మూడు బటన్లతోనే

అమెరికాలో పెట్ గ్రూమర్లకు, అంటే పెంపుడు జంతువులకు స్నానం చేయించి జుట్టు కత్తిరించేవాళ్లకు, టిప్ ఇవ్వాలా వద్దా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. 2025 జులైలో వచ్చిన చట్టం ఏడాదికి 25,000 డాలర్ల దాకా టిప్పులకు ఫెడరల్ ఆదాయ పన్ను మినహాయించింది. ట్రెజరీ శాఖ వృత్తుల జాబితాలో పెంపుడు జంతువుల బాగోగులు చూసేవాళ్లకూ చోటు దక్కింది. "వాళ్ల టిప్పులకు పన్ను కూడా లేదు, ఇంకా మేమెందుకివ్వాలి?" అని కస్టమర్లు అడుగుతున్నారు.

టిప్పుల పాత చరిత్ర తెలిసిందే. నా లెక్కలో అసలు మలుపు కౌంటర్ మీదికి బిల్లు కట్టే టాబ్లెట్ స్క్రీన్ రావడం. 2009లో మొదలైన స్క్వేర్ లాంటి కంపెనీల వల్ల చిన్న షాపులు కూడా కార్డులు తీసుకోగలిగాయి. దాంతోపాటే 15, 20, 25 శాతం టిప్ బటన్లూ వచ్చాయి. అంతకుముందు ఇష్టమున్నవాళ్లు ఓ నోటు మడిచి గ్రూమర్ చేతిలో పెట్టేవారు. ఇప్పుడు వెనకవాళ్లు చూస్తుండగా "నో టిప్" నొక్కాలి. ఐదేళ్ల కిందటి కంటే ఎక్కువచోట్ల టిప్ ఆశిస్తున్నారని 2023లో ప్యూ అనే పరిశోధన సంస్థ చేసిన సర్వేలో 72 శాతం మంది చెప్పారు. ఆ విసుగు న్యాయమే. కానీ అది ఎవరి మీద పడుతోంది?

గోల్డెన్‌డూడుల్‌నే తీసుకోండి, గోల్డెన్ రిట్రీవర్, పూడుల్ కలిసిన సంకరజాతి కుక్క. వెంట్రుకలు పెద్దగా రాలవని అక్కడి మన తెలుగువాళ్లూ ముచ్చటపడి తెచ్చుకుంటారు. రాలని వెంట్రుక ఒంటిమీదే చిక్కుపడుతుంది. వారాల తరబడి దువ్వకపోతే చెవుల వెనక, చంకల్లో గొంగడిలా అట్టకడుతుంది. చర్మం తెగకుండా దాని కిందనుంచి క్లిప్పర్ (జుట్టు కత్తిరించే మెషిన్) పోనివ్వాలి, అదీ కుక్క గింజుకుంటుండగా. కరిస్తే ఆ గాయం గ్రూమర్‌కే. చాలామందికి నెల జీతం ఉండదు, బిల్లులో సగం అటూఇటూగా కమీషన్ వస్తుంది. అదనంగా గంట పట్టినా, బిల్లు పెరగకపోతే ఆ గంటకు దక్కేది టిప్పే.

అద్దె, ఇన్సూరెన్స్ భారం వల్ల గ్రూమర్లకు ఎక్కువ ఇవ్వలేమని షాపు యజమానులంటారు, ఆ భారం నిజమే. అయితే ఉద్యోగుల టిప్పుల్లో యజమానులు, మేనేజర్లు వాటా తీసుకోకూడదని 2018లోనే ఫెడరల్ చట్టం చెప్పింది. రేటు తనే పెట్టుకునే యజమాని స్వయంగా కత్తిరిస్తే టిప్ అక్కర్లేదన్నది పాత మర్యాద. కత్తెర ఎవరిదైనా స్క్రీన్ మాత్రం అందరికీ అదే 20 శాతం చూపిస్తుంది.

మరో మెలిక ఉంది. ఈ పన్ను మినహాయింపు కస్టమర్ ఇష్టపడి ఇచ్చిన టిప్పుకే. యజమాని 18 శాతం సర్వీస్ చార్జీ అని బిల్లులో తప్పనిసరిగా కలిపేస్తే, ఆ డబ్బు మొత్తం గ్రూమర్‌కే చేరినా మినహాయింపు రాదు.