చలికాలపు రైలు ప్రయాణం: ఇంజిన్ క్యాబ్‌లోంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

చలికాలం వచ్చిందంటే రైళ్లలో సొంతవాళ్లను చూడ్డానికి వెళ్లేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. మనవల దగ్గరికి బయల్దేరిన పెద్దవాళ్లు, సెలవు దొరికి ఇంటికి పోతున్న పిల్లలు, ఎన్నాళ్లకో కలుసుకోబోతున్న స్నేహితులు. లోకో పైలట్‌గా ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటివాళ్లను చేర్చాల్సిన చోటికి చేర్చాను. రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీద ఏమేం మాటలు వినబడతాయో నాకు తెలుసు. ఎదురుచూసేవాళ్ల కోపం న్యాయమైనదే. కానీ ఆ మాటల్లో కొన్ని నమ్మకాలు తప్పు, ఒకటి రెండయితే ప్రాణాల మీదికి తెచ్చేవి.

అపోహ: రైలు పోయేది పట్టాల మీదే కదా, పొగమంచు పడితే దానికేమిటి?

నేను ఎక్కువగా విన్న మాట ఇదే. పట్టాలు దారి చూపిస్తాయి, నిజమే. చిక్కంతా ఆగడంతోనే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న పొడవాటి ప్యాసింజర్ రైలు బ్రేకు వేశాక ఆగేసరికి ఇంచుమించు 800 మీటర్ల నుంచి కిలోమీటరు దూరం పోతుంది. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లుతోంది. రోడ్డు మీద రబ్బరు టైరుకు ఉండే పట్టు దానికి ఉండదు. ఆ వేగంలో రైలు సెకనుకు 28 మీటర్లు ముందుకు పోతుంది. సిగ్నల్ 100 మీటర్ల దగ్గరికి వస్తేగానీ కనబడలేదనుకోండి, రంగు చూసి ఏం చేయాలో తేల్చుకోవడానికి మాకు నాలుగు సెకన్లు కూడా ఉండవు. ఎర్ర సిగ్నల్‌కు చాలా ముందే పసుపు పెట్టేది అందుకే. మంచులో ఆ పసుపును గమనించకుండా దాటిపోతే, ఎరుపు కనబడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. వేగం సగం చేస్తే ఆగే దూరం సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. రైలు నత్తనడక నడుస్తోందని మీరు విసుక్కునే గంటల్లో మేము చేస్తున్నది ఆ పనే.

ఆ రాత్రులు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి. హెడ్‌లైటు వెలుగు తెల్లటి గోడకు కొట్టుకున్నట్టు వెనక్కి వచ్చి మన కళ్లలోనే పడుతుంది. నేనూ అసిస్టెంటూ ప్రతి సిగ్నల్ రంగునూ పైకి చెప్పుకునేవాళ్లం. నేను పసుపు అంటే అతనూ చూసి పసుపు అనాలి. ఒకరికి కనబడి రెండోవారికి అనుమానంగా ఉంటే నా చేయి బ్రేకు మీదికి పోవాల్సిందే.

నిద్రలో ఉన్నవాళ్లు ఒక్కోసారి చక్రాల కింద ఢాం అన్న చప్పుడు విని ఉలిక్కిపడతారు. పట్టా విరిగిందనో బాంబనో అనుకుంటారు. చాలాసార్లు అది పొగమంచు సిగ్నల్. పట్టాకు బిగించిన చిన్న బిళ్ల, చక్రం ఎక్కగానే పేలుతుంది. సిగ్నల్ దగ్గరపడింది, జాగ్రత్త అని డ్రైవరు చెవికి చెప్పడానికి పెట్టింది అది. 1841లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ కౌపర్ అనే ఇంజినీరు దీన్ని కనిపెట్టాడు. దాని చప్పుడు విన్నప్పుడల్లా నాకు గుండె కుదుటపడేది.

ఎంత వేగంగా పోవాలో క్యాబ్‌లోనే చూపించే ఏర్పాటు ఉన్న లైన్ల మీద పొగమంచు బాధ చాలావరకు తగ్గుతుంది. 1964లో మొదలైన జపాన్ టొకైడో షింకన్‌సెన్ అలాంటిదే. కానీ దానికీ కురిసే మంచుతో గండం తప్పలేదు. బోగీల అడుగున గడ్డకట్టిన మంచు ఊడి కంకర మీద పడితే రాళ్లు ఎగిరి అద్దాలకు, బోగీలకు తగులుతాయి. అందుకే మంచు ఎక్కువగా కురిసే సెకిగహర ప్రాంతంలో పట్టాల పక్కనుంచి నీళ్లు చిమ్ముతూ మంచు ఎగరకుండా తడుపుతారు, రైళ్ల వేగమూ తగ్గిస్తారు.

అపోహ: ఆలస్యమైతే డ్రైవరు స్పీడు పెంచి టైం కవర్ చేయొచ్చు.

ప్రతి సెక్షన్‌కూ గరిష్ఠ వేగం ఉంటుంది. ఆలస్యమైంది కదా అని దాన్ని దాటే హక్కు ఎవరికీ లేదు. టైంటేబుల్లో అక్కడక్కడా ముందే కలిపి ఉంచిన నిమిషాలు ఉంటాయి, మేము కలుపుకోగలిగేది వాటినే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీ ఊళ్లో ఎండ కాస్తున్నా మీ రైలు నాలుగు గంటలు ఆలస్యం కావచ్చు. మీరు ఎక్కబోయే బోగీలే నిన్న రాత్రి మంచులో చిక్కుకుని ఇంకా వస్తూ ఉంటాయి. వచ్చాక వాటిని కడగాలి, బ్రేకులు పరీక్షించాలి, నీళ్లు నింపాలి. అందుకని స్టేషన్‌కు బయల్దేరే ముందు మీ రైలు ఒక్కటే కాదు, ఆ బోగీలను తెచ్చే రైలు ఎక్కడుందో కూడా చూసుకోండి. మధ్యలో రైలు మారాల్సి ఉంటే రెండింటికీ నడుమ గంట సరిపోతుందన్న ధీమా చలికాలంలో వద్దు.

అపోహ: చలికి పట్టాలు కుంచించుకుపోయి రైలు పడిపోతుంది.

కుంచించుకుపోవాలని చూడటం మాత్రం నిజం. కిలోమీటరు పొడవున్న ఉక్కు పట్టా ఒక్క డిగ్రీ చల్లబడితే సుమారు 11.5 మిల్లీమీటర్లు తగ్గాలి. 30 డిగ్రీలు పడిపోతే దాదాపు 35 సెంటీమీటర్లు. పాతకాలపు ఫిష్‌ప్లేటు (రెండు పట్టాలను కలిపి బిగించే ఇనుప పలక) అతుకుల మధ్య సందు చలిలో పెద్దదయ్యేది అందుకే, టకటక చప్పుడూ గట్టిగా వినబడుతుంది. ఇప్పటి పొడవాటి వెల్డింగు పట్టాలను స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెలు), కంకర గట్టిగా పట్టి ఉంచుతాయి కాబట్టి అవి పొట్టి కాలేవు, తీగలాగా లోలోపల బిగుసుకుంటాయి. ఆ లాగుడు ఎండకూ చలికీ మధ్యస్థంగా ఉండేలా, లెక్కగట్టిన ఉష్ణోగ్రతలోనే వాటిని బిగిస్తారు. వెల్డింగులో లోపముంటే మాత్రం గడ్డకట్టే రాత్రి అది పగలొచ్చు. అందుకే ట్రాక్‌మెన్ లైటు పట్టుకుని పట్టాల వెంట నడుస్తారు. మనం దుప్పటి కప్పుకుని పడుకున్న వేళ ఆ చలిలో నడిచే మనిషికి దక్కాల్సిన గౌరవం దక్కడం లేదని నా బాధ. దీనికి తోడు 1872లో విలియం రాబిన్‌సన్ పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్ ఉంది. పట్టాల్లో పారే చిన్న కరెంటు, పట్టా విరిగితే చాలా సందర్భాల్లో తెగిపోయి సిగ్నల్‌ను ఎర్రగా మారుస్తుంది. అన్నిసార్లూ పట్టుకుంటుందని చెప్పలేం, కాబట్టి నడిచే మనిషి అవసరం తీరలేదు.

పట్టాలు మంటల్లో ఉన్న వీడియో ఒకటి ప్రతి చలికాలం ఫోన్లలో తిరుగుతుంది. అది చాలావరకు అమెరికాలోని చికాగోది. అక్కడ తగలబడేది పట్టాలు కావు. రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్ల మధ్య మంచు ఇరుక్కుంటే అవి కదలవు. అలా ఇరుక్కోకుండా పక్కన గ్యాస్ మంట పెడతారు. తెల్లవారుజామున పైనున్న కరెంటు తీగ దగ్గర నీలం మెరుపులు చూసి భయపడనక్కర్లేదు. తీగ మీద పేరిన మంచు వల్ల ఇంజిన్ పైచట్రానికీ తీగకూ మధ్య ఆనిక తెగితెగి రావడమే దానికి కారణం.

అపోహ: బోగీ లోపల ఎలాగైనా వెచ్చగా ఉంటే చాలు.

కిటికీలు బిగించి లోపల కుంపటో స్టవ్వో వెలిగించడం కన్నా చలిలో కూర్చోవడం మేలు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోతారు. మద్యంతో వెచ్చదనం వస్తుందన్నదీ భ్రమే. చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని ఒంట్లోని వేడి బయటికే పోతుంది. పెద్దవాళ్లు దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి.

అపోహ: రైలు వస్తుంటే చప్పుడు వినబడుతుంది, ఈలోపు పట్టాలు దాటేయొచ్చు.

నన్ను అన్నిటికంటే కలతపెట్టే నమ్మకం ఇది. కరెంటు ఇంజిను దగ్గరికి వచ్చేదాకా పెద్దగా చప్పుడు చేయదు. చెవులకు మఫ్లరు చుట్టుకుని, పక్క లైనులో ఇంకో రైలు నిలబడి ఉంటే అసలే వినబడదు. 50 మీటర్ల దూరమే కనబడే మంచులో, గంటకు 75 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు మీకు కనిపించాక మీ దగ్గరికి చేరడానికి రెండున్నర సెకన్లు కూడా పట్టదు. ఒక తెల్లవారుజామున చేతిలో పెట్టెతో ఒకాయన నా ముందు పట్టాల మీదికి దిగాడు. నేను హారన్ కొట్టి బ్రేకు వేశాను. అవతలి ప్లాట్‌ఫారం మీదున్న ఎవరో చెయ్యి అందించి ఆయన్ని పైకి లాగారు. రైలు ఆయన దాటిన చోటు నుంచి ఎంతో ముందుకు పోయి ఆగింది. ఎవరినో ఎక్కించడానికి వచ్చాడట. ఆ పూట డ్యూటీ దిగాక చాలాసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

రైలు ఎంచుకునే వీలుంటే ఒక్కటి చూసుకోండి. గాలి లేని నిర్మలమైన రాత్రుల్లో పుట్టే పొగమంచు సూర్యోదయం అటూఇటూగా బాగా చిక్కబడి, ఎండెక్కేకొద్దీ విడిపోతుంది. మంచు పట్టే ప్రాంతాన్ని మధ్యాహ్నం దాటే రైలు దొరికితే అదే తీసుకోండి. మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు టైంటేబుల్లోని సమయం చెప్పకండి. రైలు రెండు స్టేషన్ల అవతల ఉండగా ఫోన్ చేసి, ఇంట్లోంచి అప్పుడు బయల్దేరమనండి. ఏ ప్లాట్‌ఫారమో తెలిసేదాకా వంతెన దగ్గరే నిలబడమనండి.