తిప్పలవాగు ఒడ్డున నీలం మనుషులు

అమెరికాలో అపలాచియన్ కొండల్లో, కెంటకీ రాష్ట్రం తూర్పు వైపు, హజార్డ్ అనే ఊరి దగ్గర ట్రబుల్‌సమ్ క్రీక్ అని ఒక వాగుంది, మన భాషలో తిప్పలవాగు అనుకోండి. ఆ చుట్టుపక్కల తరాల తరబడి నీలం మనుషులు బతికారు. కొందరికి పెదాలు, గోళ్లే నీలం, కొందరికి ఒళ్లంతా నీలం. చూస్తే ఇప్పుడో ఇంకాసేపట్లోనో పోతారేమో అనిపించేవాళ్లంట, కానీ ఎనభై తొంభై ఏళ్లు బతికినవాళ్లున్నారు!

1820 ప్రాంతంలో మార్టిన్ ఫ్యూగేట్ అనే ఆయన అక్కడికొచ్చి ఎలిజబెత్ స్మిత్‌ని పెళ్లి చేసుకోవడంతో మొదలైందని చెప్తారు. ఈ నీలానికి కారణం వంశపారంపర్యంగా వచ్చే ఒక లోపమున్న జీన్, అది ఒక కాపీయే ఉంటే పైకేం తెలీదు, తల్లి నుంచొకటి తండ్రి నుంచొకటి రెండూ వస్తేనే రంగు బయటపడుద్ది. అంత అరుదైన జీన్ ఆ ఇద్దరిలోనూ ఉండటం ఏం రాతో గానీ, ఏడుగురు పిల్లల్లో నలుగురు నీలంగా పుట్టారంట. పైగా ఆ కొండల్లోకి రోడ్లు లేవు, రైలు వచ్చింది 1910ల్లో, దాంతో ఉన్న నాలుగు కుటుంబాల్లోనే పిల్లనిచ్చుకోవడం పుచ్చుకోవడం. దీనిమీద అమెరికాలో బోలెడు జోకులున్నాయి, మేనరికాలు చేసుకునే మనం మాత్రం నవ్వకుండా ఉంటేనే మర్యాద.

అసలు సంగతి రక్తంలో ఉంది. రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది కదా, అది రోజూ కొంచెం కొంచెం ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని మెథిమోగ్లోబిన్ అయిపోతుంది, అది ఆక్సిజన్ మొయ్యలేదు. మనలో ఒక ఎంజైమ్, అంటే ఒంట్లో రసాయన పనులు నడిపే ప్రొటీన్, దాన్ని ఎప్పటికప్పుడు బాగుచేస్తూ 1 శాతం లోపే ఉంచుతుంది. వీళ్లలో ఆ ఎంజైమే కొరత, అందుకే రక్తం చాక్లెట్ రంగులోకి తిరిగి, చర్మం పైనుంచి చూస్తే నీలంగా కనిపించేది.

1960ల్లో కెంటకీ యూనివర్సిటీలో రక్తం డాక్టర్ మాడిసన్ కావైన్ ఈ కబురు విని, రూత్ పెండర్‌గ్రాస్ అనే నర్సుని తోడు తీసుకుని కొండలన్నీ తిరిగాడు. అలాస్కాలో ఇలాంటి కేసులకి ఎంజైమ్ కొరతే కారణమని 1960లో వచ్చిన ఒక పరిశోధన పేపర్‌తో ఆయనకి చిక్కు విడింది. మందేంటో తెలుసా, మిథిలీన్ బ్లూ, ల్యాబుల్లో వాడే నీలం డై! నీలం మనిషికి నీలం మందా, ఈయనకి మతిపోయిందనుకోరా ఎవరైనా? కానీ లెక్క కరెక్టే. రక్తంలో స్పేర్‌గా ఇంకో ఎంజైమ్ ఉంటుంది, ఎలక్ట్రాన్ అందించే మధ్యవర్తి లేక ఖాళీగా కూర్చుంటుంది, ఆ మధ్యవర్తి పని ఈ డై చేస్తుంది. ఇద్దరు అన్నాచెల్లెళ్లకి 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఇచ్చాడు, వాళ్లు డాక్టర్ ముందుకి రావడానికే సిగ్గుపడ్డారంట, ఒకరు ముడుచుకుపోయి, ఇంకొకరు గోడకానుకుని. నిమిషాల్లో జన్మలో మొదటిసారి ఒళ్లు గులాబీ రంగుకొచ్చింది. మందు ఒంట్లోంచి పోగానే మళ్లీ నీలమే, అందుకని రోజూ వేసుకోడానికి మాత్రలిచ్చాడు. 1964లో పేపర్ వేశాడు.

బొగ్గుగనులు, రోడ్లు వచ్చాక జనం చెదిరిపోయారు, నీలం కూడా పలచబడింది. 1975లో అక్కడో పసివాడు ఊదారంగులో పుట్టాడు, డాక్టర్లు హడలిపోయి రక్తం మార్చడానికి రెడీ అవుతుంటే వాళ్లింటి పెద్దావిడ వచ్చి, నీలం ఫ్యూగేట్ల సంగతి మీరెప్పుడూ వినలేదా అని అడిగిందంట. కొన్ని వారాల్లో రంగు దానంతటదే పోయింది. పెద్దయ్యాక చలేసినప్పుడో కోపమొచ్చినప్పుడో మాత్రం పెదాలు, గోళ్లు కాస్త నీలం తిరిగేవి.