బొమ్మరింటి గోడకు నానమ్మ ఫోటో

చిరంజీవులు లాస్యకీ, చరణ్‌కీ, మీతోపాటు ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి బొమ్మల కొలువు కోసం అట్టపెట్టెలతో బొమ్మరిల్లు కడుతున్నామని, దాని హాల్లో గోడకు మా పెళ్లినాటి గ్రూపు ఫోటో తగిలించాలనుకున్నామని రాశారు. ఫోన్లో చిన్నది చేసి ప్రింట్ తీయిస్తే ఎవరూ గుర్తుపట్టేలా లేరట. నానమ్మ మొహం ఉండాల్సిన చోట ఒక మచ్చ ఉందట. "ఫోన్లో బాగానే కనిపించింది కదా తాతయ్యా, కాగితం మీదకి వచ్చేసరికి ఏమైంది?" అని అడిగారు. ఈ ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఫోటో పాడైందని ఊరుకోకుండా ఎందుకు పాడైందని అడిగారు చూడండి, అదీ సంతోషం.

ముందు కొలతలు చూద్దాం. బొమ్మరిళ్లు కట్టేవాళ్లు ఎక్కువమంది అడుగుకి అంగుళం లెక్క పాటిస్తారు. అంటే అసలు ఇంట్లో పన్నెండు అంగుళాలుండేది బొమ్మరింట్లో ఒక్క అంగుళం అవుతుంది. అయిదున్నర అడుగుల మనిషి అయిదున్నర అంగుళాల బొమ్మ అవుతాడు. మీ ఇంట్లో ఉండబోయే బొమ్మ ఏదో దాన్ని స్కేలు పెట్టి కొలవండి, మీ లెక్క తేలుతుంది. కొలువులో కొండపల్లి బొమ్మలు ఒక ఎత్తు, ఏటికొప్పాక లక్కబొమ్మలు ఒక ఎత్తు ఉంటాయి కాబట్టి అన్నిటికీ ఒకే లెక్క కుదరదు. ఆ ఇంట్లో కాపురం ఉండేవాళ్లని బట్టే గోడ మీద పటం.

మా పెళ్లి ఫోటో 12 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు. అడుగుకి అంగుళం లెక్కలో అది ఒక అంగుళం వెడల్పు, అంగుళానికి కాస్త తక్కువ ఎత్తు అవుతుంది. అసలు ఫోటోలో ఒక్కొక్కరి మొహం ఒక సెంటీమీటరు ఉంటుంది. దాన్ని పన్నెండో వంతు చేస్తే మిల్లీమీటరు కూడా రాదు. ఫోటో ప్రింట్‌లో మామూలుగా అంగుళానికి 300 చుక్కలు ఉంటాయి. అంటే ఆ మొహం వెడల్పుకి వచ్చేవి పది చుక్కలే. పది చుక్కల్లో రెండు కళ్లు, ముక్కు, నవ్వు, ముక్కుపుడక అన్నీ ఇమడాలి.

చుక్కలు అన్నాను కాబట్టి ఇక ముగ్గు దగ్గరికి వస్తాను. ధనుర్మాసం కదా, పొద్దున్నే నానమ్మ వాకిట్లో పెద్ద ముగ్గు పెడుతోంది. ఇరవై ఒక్క చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పుతూ తామరపూలు వేస్తుంది. అదే ముగ్గుని పీట మీద వెయ్యమని అడిగామనుకోండి. చుక్కలు దగ్గర దగ్గరగా పెట్టొచ్చు. కానీ ఆమె బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి జారే పిండి సన్నబడదు. వాకిట్లో పడిన లావు గీతే పీట మీదా పడుతుంది. చుక్కకి చుక్క తగిలి, గీత గీత కలిసిపోయి, చివరికి పీట మీద తెల్లటి పిండి పరుచుకుంటుంది, ముగ్గు ఉండదు. మీ ప్రింట్‌లో జరిగింది అదే. ఫోటో చిన్నదైంది కానీ ప్రింటర్ వేసే చుక్క చిన్నది కాలేదు. పైగా ఇంకు కాగితంలోకి కొంచెం ఇంకి పక్కకి పాకుతుంది, తడి గచ్చు మీద వేసిన ముగ్గు పాకినట్టే.

మరి ఫోన్లో ఎలా కనిపించింది? మీరు రెండు వేళ్లతో లాగి పెద్దది చేసుకుని చూశారు. వాకిట్లోకి వెళ్లి ముగ్గు చూసినట్టన్నమాట. పైగా ఫోన్ తెర తనే వెలుగు ఇస్తుంది. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో ఉన్న వెలుతురునే తిరిగి ఇస్తుంది. అందుకే ప్రింట్ చాలాసార్లు అనుకున్నదానికంటే నల్లగా కనిపిస్తుంది.

ఇంతకీ పీట మీద ముగ్గు కావాలంటే నానమ్మ ఏం చేస్తుంది? ఇరవై ఒక్క చుక్కల ముగ్గుని కుదించదు. అందులోంచి ఒక్క తామరపువ్వు తీసుకుంటుంది. ఏడు చుక్కలతో దాన్ని చక్కగా విడివిడిగా వేస్తుంది. మీరూ అంతే చెయ్యాలి. పెళ్లివారందరినీ ఒక అంగుళంలోకి నెట్టకండి. ఆ ఫోటోలోంచి నానమ్మనీ నన్నూ, లేదంటే నానమ్మనొక్కదాన్నే భుజాల దాకా ఫోన్లోనే కత్తిరించి తీసుకోండి. పాతకాలం హాళ్లలో గోడకి 12 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తున ఒక్క మనిషి పటాలు ఉండేవి. అది బొమ్మరింటి లెక్కలో ఒక అంగుళం వెడల్పు, అంగుళంపావు ఎత్తు. ఇప్పుడు ఆ అంగుళంలోని 300 చుక్కల్లో సగం నానమ్మ మొహానికే వస్తాయి. ముక్కుపుడక కూడా కనిపిస్తుంది.

ఇక్కడ మీకొక బొమ్మరింటి సంగతి చెప్పాలి. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌కి రూపం గీసిన ఎడ్విన్ లుట్యెన్స్ పేరు వినే ఉంటారు. ఆయనే 1921 నుంచి 1924 మధ్య ఇంగ్లండు రాణి మేరీ కోసం ఒక బొమ్మరిల్లు కట్టించాడు. అదీ మనం అనుకున్న లెక్కే, అడుగుకి అంగుళం. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, లిఫ్టు కదులుతుంది, దీపాలు వెలుగుతాయి. గ్రంథాలయంలో ఉన్న బుల్లి పుస్తకాల్లో చాలావాటిని రచయితలే సొంత చేతిరాతతో రాసిచ్చారు. చిత్రకారులు చిన్న చిన్న కాగితాల మీద బొమ్మలు గీసి పంపారు. 1924లో లండన్ దగ్గర వెంబ్లీ ప్రదర్శనలో జనం బారులు తీరి చూశారు. ఇప్పటికీ విండ్సర్ కోటలో ఉంది. నాకు అందులో కుళాయిల కంటే ఆ చిత్రకారులే గొప్పగా అనిపిస్తారు. చేత్తో చిన్న బొమ్మ గీసేవాడికి ఏది ఉంచాలో ఏది వదలాలో తెలుసు. యంత్రానికి ఆ సంగతి తెలియదు, పెళ్లికూతురినీ వెనకున్న షామియానా గుంజనీ ఒకేలా నలిపేస్తుంది. ఆ ఎంపిక మనమే చేసిపెట్టాలి.

ఈ మాట నేను మొదట ఒక ఫోటోస్టూడియోలో నేర్చుకున్నాను. 1965 ప్రాంతంలో మాట. అప్పట్లో మాకు తెలిసినవాళ్ల దగ్గర డబ్బా కెమెరా ఉండేది. ఒక రీలుకి పన్నెండు ఫోటోలు. రీలు కడిగిస్తే, ఫిల్ము ఎంతుందో అంతే ఫోటో చేతికొచ్చేది. అరచేతిలో సగం కూడా ఉండదు. నల్ల అట్టల ఆల్బమ్‌లో నాలుగు మూలలకీ మూలకాగితాలు అంటించి, అందులో దూర్చి, పైన పల్చటి కాగితం కప్పి దాచుకునేవాళ్లం. పెద్దది కావాలంటే మళ్లీ డబ్బులు.

మా వీధి చివర స్టూడియో ఆయన నన్ను చీకటిగదిలోకి రానిచ్చేవాడు. లోపల ఎర్ర బల్బు ఒక్కటే. స్తంభానికి బిగించిన ఒక యంత్రం ఉండేది, ఎన్‌లార్జర్ అంటారు. పై భాగంలో నెగటివ్, కింద పలక మీద కాగితం. పై భాగాన్ని ఎత్తితే బొమ్మ పెద్దదయ్యేది, దించితే చిన్నదయ్యేది. తరవాత ఆ తెల్ల కాగితాన్ని మందునీళ్ల ట్రేలో వేసి మెల్లగా ఊపేవాడు. కాసేపు ఏమీ ఉండదు. అంతలో ఎక్కడినుంచో జుట్టు వచ్చేది, ఆపైన కళ్లు, ఆ తరవాత మొహమంతా. అక్కడ ఎన్నిసార్లు నిలబడ్డా ఆ క్షణం కొత్తగానే ఉండేది. ఎందుకలా అవుతుందో వెండి లవణాల గురించి మీ సైన్సు టీచరు చెప్తారు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ కాగితమే గుర్తొస్తుంది.

ఆయన దగ్గరికి గొలుసు లాకెట్లో పెట్టుకోవడానికి ఫోటో కావాలని వచ్చేవాళ్లు. చేతిలో గ్రూపు ఫోటో ఉండేది. ఆయన తీసుకునేవాడు కాదు. మొహం పెద్దగా ఉన్న నెగటివ్ తెమ్మనేవాడు, లేకపోతే కూర్చోబెట్టి కొత్తగా తీసేవాడు. లాకెట్లో ఊరంతా పట్టదు, ఒక్కరే పడతారు అని ఆయన అన్నది నాకు ఇప్పటికీ పనికొస్తోంది.

అయితే ఫోటోని ఎంత చిన్నది చెయ్యొచ్చో దానికి హద్దు లేదా అని మీరు అడుగుతారు. రెనే డాగ్రాన్ అని ఫ్రాన్సులో ఒక ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. 1859లో ఆయన ఒక చిత్రమైన వస్తువుకి పేటెంటు తీసుకున్నాడు. చిన్న గాజు కడ్డీ, దాని ఒక కొస గుండ్రంగా ఉండి భూతద్దంలా పనిచేస్తుంది, రెండో కొసకి రెండు మిల్లీమీటర్ల ఫోటో అంటించి ఉంటుంది. దాన్ని ఉంగరాల్లో, కలాల్లో బిగించేవారు. కన్ను ఆనించి వెలుతురు వైపు చూస్తే లోపల పెద్ద బొమ్మ! 1870లో జర్మన్ సేనలు పారిస్ నగరాన్ని చుట్టుముట్టినప్పుడు ఈ విద్యే ఊరిని ఆదుకుంది. డాగ్రాన్ బెలూన్ ఎక్కి శత్రువుల తల మీదుగా బయటపడ్డాడు. బయటివాళ్లు రాసిన ఉత్తరాలని బుల్లి ఫిల్ములుగా తీసి, చుట్టి, పావురాల తోక ఈకకి కట్టి పారిస్‌లోకి పంపారు. ఒక్క పావురం వేల సందేశాలు మోసేది. లోపల వాటిని గోడ మీద పెద్దగా పడేలా చేసి, గుమాస్తాలు చూసి రాసి, ఇళ్లకి పంచేవారు. ఎక్కడో ఉన్న కొడుకు క్షేమమని తల్లికి అలా తెలిసేది. ఆయన ఫిల్ము మీది రేణువులు అంత సన్నం. నానమ్మ ముగ్గుపిండిని ఎన్ని వందలసార్లు జల్లించినా అంత సన్నం రాదు. కానీ ఆ ఫోటోలకి భూతద్దం కావాలి. మీ బొమ్మరింటికొచ్చే చుట్టాలు మామూలు కళ్లతో చూస్తారు కాబట్టి మనకి అంగుళానికి 300 చుక్కలు చాలు.

ఇక పని మొదలుపెట్టండి. గోడ మీది అసలు ఫోటోని అద్దంలోంచి పీకకండి. పాత ఫోటోలు అద్దానికి అతుక్కుని ఉండొచ్చు, లాగితే మొహం ఊడి వస్తుంది. ఒకసారి చిరిగితే ఇంకొకటి లేదు. పటాన్ని వరండాలో నీడపట్టున పెట్టి, ఫ్లాష్ వెయ్యకుండా, ఫోన్ని పటానికి సరిగ్గా ఎదురుగా పట్టుకుని తీయండి. అద్దంలో మీరే కనిపిస్తుంటే మీకూ పటానికీ మధ్య ఎవరిచేతైనా నల్ల దుప్పటి అడ్డం పట్టించి, ఫోన్ కెమెరా కన్ను మాత్రం బయటికి ఉంచండి. తరవాత కత్తిరించండి, కాస్త వెలుగు పెంచండి. పాత నలుపు తెలుపు ఫోటో కలర్ ప్రింటర్లో ఒక్కోసారి ఆకుపచ్చ ఛాయతో వస్తుంది, అందుకని కొంచెం గోధుమరంగు కలిపితే బాగుంటుంది. ఒకే కాగితం మీద మూడు రకాల వెలుగుల్లో మూడు ప్రింట్లు వేయించండి. ఏది బాగుందో స్క్రీన్ మీద తేలదు, ఆ బొమ్మరింట్లో పెట్టి చూస్తేనే తేలుతుంది. ప్రింటర్ ఒక్కోసారి తనంతట తాను పేజీకి సరిపడా పెద్దది చేసేస్తుంది, ఆ సెట్టింగు తీసేసి వంద శాతం పెట్టమని షాపాయనకి చెప్పండి. పేజీ మూల అయిదు సెంటీమీటర్ల గీత ఒకటి పెట్టుకుంటే, ప్రింట్ వచ్చాక స్కేలుతో కొలిచి చూసుకోవచ్చు. మెరిసే కాగితం వద్దు. అంత చిన్న పటంలో దీపం ప్రతిబింబమే మొహాన్ని మింగేస్తుంది.

ఇంకు రాత్రంతా ఆరనివ్వండి, లేకపోతే జిగురు తగిలి చెదురుతుంది. బ్లేడుతో కోసే పని అమ్మకో నాన్నకో ఇవ్వండి. ఫ్రేముకి అగరొత్తి కాలిపోయాక మిగిలే పుల్లలు చాలు, కాఫీ డికాక్షన్‌లో నానబెడితే పాత చెక్క రంగు వస్తుంది. అద్దానికి కొత్త చొక్కా పెట్టె మీది ప్లాస్టిక్ ముక్క కోసుకోండి.

పటం ఎలా తగిలించాలో కూడా చెప్తాను. పాత ఇళ్లలో పటాలు ద్వారబంధం పైన, అంత ఎత్తున, పై అంచు గోడకి దూరంగా ముందుకు వంగి ఉండేవి. కింద నిలబడి చూసేవాళ్లకి మొహం కనపడాలి, కిటికీ వెలుగు అద్దం మీద పడకూడదు, అందుకు. మీ పటం వెనక పైభాగాన చిన్న అట్టముక్క అంటిస్తే అదీ అలాగే వంగుతుంది. మీ ముత్తాత ఫోటో కూడా పెడితే దానికి ఎర్రదారంతో సన్నటి దండ వెయ్యండి. నానమ్మ ఫోటోకి మాత్రం దండ వెయ్యకూడదు. బతికున్నవాళ్ల పటానికి దండ వెయ్యరు, ఇది బొమ్మరిల్లైనా సరే గుర్తుంచుకోండి. ప్రతి పటం వెనకా పెన్సిలుతో పేరు, ఏ ఊరు, మీకు ఏమవుతారో రాయండి. పెద్దవాళ్ల ఆల్బమ్‌లలో పేర్లు రాయక ఎంతమంది ఎవరో తెలియకుండా పోయారో నాకు తెలుసు.

కత్తిరించడానికి ముందు ఆ గ్రూపు ఫోటోని భూతద్దంతో పగటివెలుతురులో ఒకసారి మొత్తం చూడండి. పక్కనే వార్తాపత్రికలో ఒక ఫోటోని కూడా అదే అద్దంతో చూడండి, అందులో చుక్కలు మీకే కనిపిస్తాయి. మా ఫోటోలో వెనక వరసలో కుడివైపు, ఒక పెద్దాయన భుజం చాటునుంచి తల సగం పెట్టి చూస్తున్న పిల్లవాడు ఒకడున్నాడు. వాడెవరో నాకు తెలుసు, చెప్పను. ఫోన్ చేసి నానమ్మని అడిగి, నాకు ఉత్తరం రాయండి.

మీ
తాతయ్య