త్యాగయ్యగారితో అక్షరాల ఆట

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి, పండుకి అమ్మమ్మ దీవెనలు.

మొన్న ఆదివారం ఫోన్ స్పీకర్లో పెట్టి మీరు ఆడిన ఆట మొత్తం విన్నాను. ఒకరు అక్షరం చెప్పి ప్రశ్న వేయడం, ఆ అక్షరంతో మొదలయ్యే జవాబు ఇంకొకరు చెప్పడం. అన్నీ త్యాగయ్యగారి గురించే. 'వ' దగ్గర చిన్ని "వాతాపి గణపతిం" అన్నాడు, బుజ్జి "అది ఆయనది కాదు" అంది, గొడవై ఆట ఆగిపోయింది. బుజ్జి చెప్పిందే నిజం. కాని ఎందుకు కాదో చెప్పలేకపోయింది.

పాట ఎవరిదో తేల్చుకోవాలంటే చివరి చరణం చూడండి. త్యాగయ్యగారు 'త్యాగరాజ' అని తన పేరు అక్కడ కలుపుతారు. దాన్ని ముద్ర అంటారు. వాతాపిలో 'గురుగుహ' అని వస్తుంది. అది ముత్తుస్వామి దీక్షితర్‌గారి ముద్ర. ఇకమీదట పాట మీద పేచీ వస్తే గట్టిగా అరవకండి, చరణం పాడండి.

'తి' దగ్గర పండు తడబడ్డాడు, పాపం. ప్రశ్న సరిగా లేదు మరి. "త్యాగయ్య ఊరు" అంటే ఏ ఊరని చెప్తాడు? 1767లో ఆయన పుట్టింది తిరువారూరు. పెరిగి, పాడి, 1847లో కన్నుమూసింది కావేరి ఒడ్డున తిరువయ్యారులో. రెండూ 'తి'యే. జవాబు ఒక్కటే వచ్చేలా ప్రశ్న అడగడం ఈ ఆటలో అసలు పని. "తిరువారూరులో పుట్టిన వాగ్గేయకారుడు" (అంటే పాటా, దాని బాణీ తానే కట్టినవాడు) అని కూడా అడగకండి. శ్యామశాస్త్రిగారు, దీక్షితర్‌గారు పుట్టిందీ అక్కడే. అక్కడి దేవుడి పేరే త్యాగరాజస్వామి, ఆ పేరే ఈయనకు పెట్టారు.

'క'కి కాకర్ల చెప్పారు, బాగుంది. అది ఇంటిపేరు. ఆ పేరుగల ఊరు మన ప్రకాశం వైపు ఉంది. అక్కణ్ణుంచి తంజావూరు సీమకు వెళ్లిన తెలుగువాళ్ల కుటుంబం వాళ్లది. అందుకే తమిళదేశంలో ఉంటూ ఆయన తెలుగులో పాడుకున్నారు.

'ఠ', 'ణ', 'ళ' వచ్చినప్పుడు మీరు పాస్ అనేశారు. ఆ అక్షరం మాట మధ్యలో ఉన్నా చాలని ఒక నియమం పెట్టుకోండి. అప్పుడు 'ఠ'కి ఆయన గురువుగారు శొంఠి వెంకటరమణయ్య దొరుకుతారు. 'ణ'కి శిష్యుడు వీణ కుప్పయ్యర్. 'ళ'కి గౌళ రాగం, అంటే పంచరత్నాలని పిలిచే ఆయన అయిదు గొప్ప కృతుల్లో ఒకటైన 'దుడుకుగల'.

ఆ 'దుడుకుగల' దగ్గర కాసేపు ఆగండి. మన పండు మెట్ల మీంచి దూకినప్పుడల్లా నేను "దుడుకు తగ్గించరా" అంటాను కదా, అదే దుడుకు. తప్పులన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ, ఇంత దుడుకుగల నన్ను ఏ దొర కొడుకు కాపాడతాడు అని ఆయన అడుగుతున్నారు. 'మరుగేలరా' కూడా అంతే. 'కనుమరుగు' అంటామే, ఆ మరుగే. ఎందుకు దాక్కున్నావు రాఘవా అని. తెలుగు రాని గాయకులు ఈ మాటలను ఎంతో శ్రమపడి నేర్చుకుని పాడుతున్నారు. మీకు అవి ఇంట్లో మాటలు. జవాబు చెప్పి పాయింటు రాసేసుకుని ముందుకు వెళ్లిపోతుంటే నాకు మనసు ఒప్పదు. పల్లవి ఒక్కటైనా పాడి, అర్థం చెప్పాకే పాయింటు వేసుకోండి.

ఇంకో మాట. 'న'కి చిన్ని "నిధి చాల సుఖమా" అన్నాడు, రాగం కల్యాణి అని కూడా చెప్పాడు. శెభాష్. తంజావూరు రాజు శరభోజి కానుకలు పంపితే కాదని ఆ పాట పాడారని చెప్పుకుంటారు. అది తరతరాలుగా చెప్పుకుంటున్న కథ. ప్రశ్నలో "అని చెప్పుకుంటారు" అని కలిపి అడగండి. పుట్టిన సంవత్సరం ఒకరకం సంగతి, కథ ఇంకోరకం సంగతి. రెండూ నాకిష్టమే, కాని కలిపేయకూడదు.

అదే 'న'కి మీరెవరూ నాగరత్నమ్మగారి పేరు తలవలేదు. బెంగళూరు నాగరత్నమ్మ దేవదాసి కుటుంబంలో పుట్టిన గొప్ప గాయని. తిరువయ్యారులో పాడుబడ్డ త్యాగయ్యగారి సమాధి దగ్గర తన డబ్బుతో, నగలు అమ్మి గుడి కట్టించారు. ఆ రోజుల్లో అక్కడ ఏటా ఆయన జ్ఞాపకంగా జరిగే ఆరాధనలో ఆడవాళ్లను పాడనిచ్చేవారు కాదు. ఆవిడ పట్టుబట్టి పాడారు, మిగతా ఆడవాళ్లచేత పాడించారు. 1952లో పోయారు. ఆవిడ సమాధి కూడా అక్కడే, ఆయనకు ఎదురుగా ఉంది. ఈసారి 'న' వస్తే బుజ్జి ఈ ప్రశ్న వేయాలి.

ఆరాధన పుష్య బహుళ పంచమినాడు. ఆ రోజు అందరూ కలిసి పంచరత్నాలు పాడతారు, టీవీలో చూపిస్తాను.

'హ' మీకు వదిలేస్తున్నాను. రాముణ్ణి జాగ్రత్తగా నడిచి రమ్మని పిలిచే పాట, యదుకులకాంభోజి రాగం. దొరికితే వచ్చే ఆదివారం ఫోన్లో పాడి వినిపించండి.

మీ అమ్మమ్మ