మైనస్ పవర్ ఉన్నోళ్లకి కాయిన్ కలెక్షన్ కష్టమా? అపోహలు - వాస్తవాలు

నాకు రెండు కళ్లకీ మైనస్ 6. నాణేలు పోగెయ్యడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు దాటింది, నా కళ్లజోడు చూసి కొత్తవాళ్లు అడిగే మాటలే ఇవి.

అపోహ: సైట్ ఉంటే నాణెం మీద చిన్న గుర్తులు కనపడవు.

వాస్తవం: కనపడనివి దూరంవి అండీ, దగ్గరవి బ్రహ్మాండంగా కనపడతాయి. 100ని మీ పవర్‌తో భాగించండి, అద్దాల్లేకుండా ఎన్ని సెంటీమీటర్ల దాకా క్లియర్‌గా ఉంటుందో సుమారుగా వచ్చేస్తుంది, మైనస్ 4 అయితే 25, నాకైతే 16 పైచిలుకు. కళ్లజోడు తీసేసి అంత దగ్గరగా పట్టుకుంటే నాణెం పెద్దగా కనపడుద్ది, పైగా మైనస్ అద్దాలు దేన్నైనా కాస్త చిన్నగా చూపిస్తాయి కదా, ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. చత్వారం వచ్చాక కూడా ఈ వసతి పోదు, సైట్ లేని ఫ్రెండ్స్ రీడింగ్ గ్లాసెస్ కోసం వెతుక్కుంటుంటే నేను కళ్లజోడు నుదుటి మీదకి తోసి మింట్ మార్క్ (నాణెం ఏ టంకశాలలో తయారైందో చెప్పే చిన్న గుర్తు) చదివేస్తా. సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజంకి ఇచ్చే పవర్) ఎక్కువున్నవాళ్లు మాత్రం పెట్టుకునే చూడాలి, తీస్తే అక్షరాలు అలికినట్టుంటాయి.

అసలు జాగ్రత్త వేరే ఉంది. అంత దగ్గరగా పెట్టుకుని మాట్లాడితే తుంపర్లు పడతాయి, రాగి మీద పడ్డ తుంపర కొన్నాళ్లకి నల్ల మచ్చ అయిపోతుంది. నా దగ్గరున్న మంచి రాగి నాణెం ఒకటి అలాగే పాడైంది, ఇప్పటికీ బాధే. నోరు మూసుకుని, అంచులు పట్టుకుని, కింద మెత్తటి గుడ్డ పరుచుకుని చూడండి.

అపోహ: సైట్ ఉంది కాబట్టి 20ఎక్స్, 30ఎక్స్ లూప్ (అంటే 20, 30 రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం) కొనాలి.

వాస్తవం: వద్దు. ఎక్స్ పెరిగేకొద్దీ కనపడే మేర తగ్గిపోద్ది, నాణెం కూడా లెన్స్‌కి మరీ దగ్గరకి రావాలి, 10ఎక్స్‌కే ఆ దూరం 2.5 సెంటీమీటర్లు, ఇంకా పైకెళ్తే వెలుతురు పడేందుకే చోటుండదు. మొత్తం నాణెం చూడ్డానికి 5 నుంచి 7ఎక్స్, అక్షరాల అంచులకి 10ఎక్స్ చాలు. 1955 డబుల్ డై లింకన్ సెంట్ (అక్షరాలు రెండేసిగా అచ్చుపడ్డ అమెరికా నాణెం) లాంటివైతే ఉత్త కంటికే తెలిసిపోతాయి. లూప్‌ని కంటికి ఆనించినట్టు పట్టుకుని నాణేన్నే దాని దగ్గరికి తీసుకురండి, ఒకే దీపం పక్కనుంచి పడేలా పెట్టి మెల్లగా వంచుతూ తిప్పండి, తోమిన నాణెమైతే సన్నటి గీతలన్నీ అప్పుడే బయటపడతాయి. చాలామంది కంటిని తిడతారు గానీ తప్పు లైటింగ్‌ది.

అపోహ: లేజర్ చేయించుకుంటే ఈ హాబీకి ఇంకా మంచిది.

వాస్తవం: దూరం బాగుపడుద్ది, నిజమే. కానీ రెండు కళ్లకీ పూర్తిగా సైట్ తీసేస్తే నలభై దాటాక నాణెం చూడ్డానికి రీడింగ్ గ్లాసెస్ కావాల్సొస్తుంది, కాంటాక్ట్ లెన్సులతోనూ అంతే. చేయించుకునే ముందే మీ హాబీ సంగతి డాక్టర్‌కి చెప్పండి.

అపోహ: నాణేలు చూస్తూ కూర్చుంటే పెద్దవాళ్లకి కూడా పవర్ పెరిగిపోద్ది.

వాస్తవం: ఓ గంట చూస్తే కళ్లు అలుస్తాయి అంతే, మధ్యమధ్యలో దూరంగా చూడండి. పిల్లలైతే వేరు, గంటలకొద్దీ దగ్గర పని పెట్టకుండా బయట వెలుతుర్లో ఆడుకోనివ్వాలి. ఒక్కటి మాత్రం అశ్రద్ధ చెయ్యొద్దు, పెద్ద పవర్ ఉన్నవాళ్లకి రెటీనా (కంటి లోపల వెనకుండే పొర) ఊడే ప్రమాదం ఎక్కువ, కాబట్టి ఉన్నట్టుండి కంట్లో మెరుపులు, కొత్తగా నల్లచుక్కలు, పక్కనుంచి తెర కమ్మినట్టు కనపడితే లూప్ పక్కన పడేసి వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.