బరువు దుప్పటి చుట్టూ గొడవ ఎందుకు?

ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లల్లో బరువు దుప్పటి మాట మళ్లీ వేడెక్కింది. లోపల గుళ్లో పూసలో నింపి బరువు పెంచిన దుప్పటి ఇది, ఆ ఒత్తిడికి బిడ్డ నెమ్మదిస్తాడని ఆశ. నల్లగొండ నుంచి పాలమూరు దాకా ఎక్కడ నలుగురు తల్లిదండ్రులు కలిసినా ఇదే చర్చ. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో, బడుల్లో ఈ దుప్పట్లు ఉంచాలని, పిల్లలకు ఇచ్చే ఉపకరణాల్లో వీటినీ చేర్చాలని వాళ్లు అడుగుతున్నారు. పనిచేస్తుందన్న రుజువు లేదని, పైగా ప్రమాదమని డాక్టర్లలో చాలామంది అంటున్నారు. ఆటిజం అంటే ఏమిటి, ఎందుకు వస్తుంది అన్నవి ఇప్పటికే ఎంతోమంది రాశారు కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. ఈ గొడవ అర్థం కావాలంటే 2014లో వచ్చిన ఒక పరిశోధన దగ్గర కాసేపు ఆగాలి. రెండు పక్షాలూ దాన్నే చూపిస్తున్నాయి. ఎవరికి కావాల్సిన సగం వాళ్లు చదువుతున్నారు.

ఆ పరిశోధన బ్రిటన్‌లో జరిగింది. పాల్ గ్రింగ్రాస్ అనే పిల్లల డాక్టర్, ఆయన బృందం కలిసి నిద్ర సరిగా పట్టని ఆటిజం పిల్లలను తీసుకున్నారు. వయసు 5 నుంచి 16 ఏళ్లు. ఒక్కో బిడ్డకు రెండు వారాలు బరువు దుప్పటి, రెండు వారాలు చూడటానికి అలాగే ఉండే మామూలు దుప్పటి ఇచ్చారు. బరువుదాంట్లో ఉక్కు గుళ్లు పోశారు, మామూలుదాంట్లో ప్లాస్టిక్ పూసలు. చిన్నపిల్లల దుప్పటి 2.25 కిలోలు, పెద్దపిల్లలది 4.5 కిలోలు. ఎంతసేపు నిద్రపోయారో కొలవడానికి చేతికి గడియారంలాంటి పరికరం కట్టారు. చివరికి 67 మంది పిల్లల లెక్కలు చూస్తే, బరువు దుప్పటితో మొత్తం నిద్ర పెరగలేదని తేలింది. త్వరగా నిద్రపట్టడంలోనూ, మధ్యరాత్రి మెలకువల్లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లల వైద్యంలో పేరున్న ‘పీడియాట్రిక్స్’ పత్రిక దీన్ని అచ్చువేసింది.

డాక్టర్లు ఇక్కడితో ఆపేస్తారు. అదే పరిశోధనలో ఇంకో ఫలితం ఉంది. మీకు ఏది నచ్చిందని అడిగితే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కూడా బరువు దుప్పటివైపే మొగ్గారు. అంటే నిద్ర నిమిషాలు పెరగకపోయినా, ఆ బరువు కింద ఏదో హాయి వాళ్లకు దొరికింది. ఆ హాయి ఏమిటో కొలవడం ఆ పరిశోధన పని కాదు కాబట్టి కొలవలేదు. నిద్ర గురించి అడిగిన ప్రశ్నకు అది నిజాయితీగా జవాబు చెప్పింది. గంటలకొద్దీ నిద్ర పెరుగుతుందని ఆశపడి దుప్పటి కొనేవాళ్లకు ఆ జవాబు ఈ రోజుకీ వర్తిస్తుంది.

కానీ ఇక్కడి తల్లులు చెబుతున్నది నిద్ర గురించి కాదు. సాయంత్రం బడి నుంచి వచ్చాక గడిచే ఆ గంట గురించి. బస్టాండు హారన్లు, లైన్‌లో తోపులాట, వీధిలో డీజే, ఇంట్లో చుట్టాలు. అన్నీ కలిసి బిడ్డ తట్టుకోలేని స్థితికి వస్తాడు. చెవులు మూసుకుంటాడు, తల గోడకు కొట్టుకుంటాడు, చెయ్యి కొరుక్కుంటాడు. అప్పుడు పరుపు కింద దూరేవాళ్లున్నారు. బీరువాకూ గోడకూ మధ్య ఇరుక్కుని కూర్చునేవాళ్లున్నారు. పల్లెల్లో అయితే వడ్ల బస్తాల సందులోకి పోయి నక్కుతారు. వాళ్ల ఒళ్లు బరువును వెతుక్కుంటోందని తల్లికి ఏ పరిశోధనా చెప్పనక్కర్లేదు. ‘మేం కప్పం సార్, వాడే గుంజుకొని కప్పుకుంటడు’ అనే మాట ఈ జిల్లాల్లో ఎవరిని అడిగినా వినిపిస్తుంది. ఈ మాటలో అసలు విషయం ఉంది. దాని మూలం చూడాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి.

టెంపుల్ గ్రాండిన్ అమెరికాలో పుట్టిన ఆటిస్టిక్ మహిళ, తర్వాత పశుశాస్త్రంలో ప్రొఫెసర్ అయ్యారు. చిన్నప్పటి నుంచి ఎవరైనా కౌగిలించుకుంటే ఆమె తట్టుకోలేకపోయేది. అయినా గట్టిగా అదిమిపెట్టినట్టు ఉండే స్పర్శ కావాలనిపించేది. టీనేజీలో అరిజోనాలోని మేనత్త పశువుల క్షేత్రానికి వెళ్లింది. టీకాలు వేసేటప్పుడు పశువులను రెండు పక్కల నుంచి నొక్కి పట్టే చట్రం చూసింది. బెదిరిన పశువులు కొన్ని అందులో నెమ్మదించడం గమనించి తానూ అందులోకి దిగింది. తర్వాత 1960ల మధ్యలో, పద్దెనిమిదేళ్ల వయసులో చెక్కలతో తనకోసం అలాంటిదే ఒకటి తయారు చేసుకుంది. అందరూ ఆ యంత్రం గురించే చెబుతారు, దాని మీట గురించి చెప్పరు. ఒత్తిడి ఎంత ఉండాలి, ఎప్పుడు వదలాలి అన్నది లోపల ఉన్న మనిషి చేతిలోని మీటే తేల్చేది. ఎవరో వచ్చి బయటి నుంచి నొక్కేది కాదు. అప్పట్లో కాలేజీ వాళ్లు, మానసిక నిపుణులు ఆ యంత్రాన్ని తప్పుపట్టారు, తీసేయమన్నారు. ఆమె వదల్లేదు. లోతైన ఒత్తిడి ఆటిజం ఉన్నవాళ్లను ఎలా నెమ్మదింపజేస్తుందో 1992లో తానే పరిశోధనా వ్యాసం రాశారు.

1960, 70లలో జీన్ ఏయర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (ఓటీ, అంటే రోజువారీ పనులు చేసుకోవడానికి తోడ్పడే చికిత్స చేసే నిపుణురాలు) ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు ఎలా కలుపుకుంటుందన్న సిద్ధాంతం చెప్పారు. ఈ రోజు ఓటీ సెంటర్లలో కనిపించే ఊయలలు, బ్రష్‌లు, బరువు జాకెట్లు చాలావరకు ఆ దారిలో వచ్చినవే. థెరపిస్టుల చేతికి వచ్చాక బరువు వాడకం పెరిగింది. మీట మాత్రం మెల్లగా బిడ్డ చేతిలోంచి పెద్దవాళ్ల చేతిలోకి పోయింది. ఎంత బరువు, ఎంతసేపు, ఏ టైంకు అన్నవి షెడ్యూలు ప్రకారం పెద్దలు నిర్ణయించడం మొదలైంది.

దాని ఫలితం ఎంత దూరం పోగలదో 2008లో కెనడాలో తెలిసింది. క్యూబెక్ రాష్ట్రంలోని ఒక బడిలో ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ల బాబును బరువు దుప్పటిలో చుట్టి బోర్లా పడుకోబెట్టారు. దగ్గరుండి చూసేవాళ్లు లేరు. కాసేపటికి అతను స్పృహలో లేడని గమనించారు. బిడ్డ బతకలేదు. దుప్పట్లు ప్రమాదం అనేవాళ్లు ఈ ఘటనను చూపిస్తారు, చూపించాల్సిందే. అయితే ఆ బాబు దుప్పటి కప్పుకోలేదు. అతన్ని అందులో చుట్టారు. తీసేసుకునే వీలు అతనికి లేదు. గ్రాండిన్ యంత్రానికీ ఈ దుప్పటికీ మధ్య ఉన్న తేడా బరువులో లేదు. 2008నూ 2014నూ పక్కపక్కన పెట్టి చదివితే మన బడుల్లో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో రెండూ తెలుస్తాయి. చిక్కేమిటంటే ఒక పక్షం 2008లో బరువునే చూస్తోంది, ఇంకో పక్షం ఆ ఘటనను చదవడమే లేదు.

అమ్మేవాళ్లు ఈ రెండూ చెప్పరు. వాళ్లు ఎక్కువగా చూపేది 2020లో స్వీడన్‌లో జరిగిన పరిశోధన. గొలుసులు కూర్చిన బరువు దుప్పట్లతో నిద్రలేమి బాగా తగ్గిందని అందులో తేలింది నిజమే. కానీ అందులో ఉన్నది 120 మంది పెద్దవాళ్లు. డిప్రెషన్, బైపోలార్, ఆందోళన, ఏడీహెచ్‌డీ వంటి మానసిక సమస్యలు ఉన్నవాళ్లు. ఆటిజం పిల్లల మీద చేసింది కాదు. శరీర బరువులో పదోవంతు ఉండాలన్న సూత్రం కూడా వాడుకలో స్థిరపడిన అంచనాయే గాని పిల్లలపై పరీక్షించి తేల్చిన కొలత కాదు.

ఇక మన దగ్గరి సంగతి. వికలాంగుల కోసం 1995లో వచ్చిన చట్టంలో ఆటిజం లేనే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని గుర్తించింది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అని పిలుస్తున్నది, ఆటిజం ఎంత ఉందో అంచనా వేసే ‘ఐసా’ అనే కొలమానం తయారు చేసింది. మొత్తం 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు. వైకల్య సర్టిఫికెట్ కోసం తిరిగిన ప్రతి తల్లికీ ఈ ఫారం తెలుసు. అందులో ఇంద్రియాలకు సంబంధించి విడిగా ఒక భాగమే ఉంది. శబ్దాలకు, స్పర్శకు అతిగా స్పందిస్తాడా, నొప్పి తెలియనట్టు ఉంటాడా, వస్తువులను వాసన చూసి, నాకి, తడిమి తెలుసుకుంటాడా అని అడుగుతారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వ్యాధి నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 కూడా వీటిని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. అంటే మార్కులు వేసేటప్పుడు బిడ్డ ఒంటికి అయ్యే బాధ లెక్కలోకి వస్తోంది. సాయం ఇచ్చేటప్పుడు రావడం లేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక తల్లిదండ్రుల వాదన బలపడింది. 21 రకాల వైకల్యాల్లో ఆటిజం చేరింది. బిడ్డ అవసరాన్నిబట్టి తగిన వెసులుబాటు కల్పించాలని 16వ సెక్షన్ బడులకు చెబుతోంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు నిండేదాకా తగిన సహాయక ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలని 17వ సెక్షన్‌లో ఉంది. నడవలేని బిడ్డకు వీల్‌చైర్, వినలేని బిడ్డకు మిషన్ ఇస్తున్నారు. ఆటిజం బిడ్డకు ఉపకరణం ఏది అన్న ప్రశ్న దగ్గరే అధికారులు ఆగిపోతున్నారు. బరువు దుప్పటి ఉపకరణమా, ఇంట్లో సామానా? ఇప్పుడు నడుస్తున్న గొడవంతా దీని మీదే. వైద్యంగా చూస్తే రుజువు చాలదన్న డాక్టర్ల మాట నిలబడుతుంది. కానీ తల్లిదండ్రులు దీన్ని మందుగా అడగడం లేదు, వెసులుబాటుగా అడుగుతున్నారు. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్స్‌కు ఏ నిద్ర పరిశోధన అడుగుతాం?

దక్షిణ తెలంగాణలో ఈ డిమాండ్ గట్టిగా వినిపించడానికి ఇంకో కారణం దూరం. అచ్చంపేట నుంచో, దేవరకొండ నుంచో, గద్వాల నుంచో మంచి ఓటీ కోసం హైదరాబాద్ పోవాలంటే రోజంతా పోతుంది, కూలీ పోతుంది. మండలంలో ఉన్న భవిత కేంద్రమే చాలామందికి దిక్కు. ఆన్‌లైన్‌లో దుప్పటి వేలల్లో ఉంటుంది. అందుకే ఇళ్లల్లో ఎవరి ఉపాయం వాళ్లు చేశారు. ఇంట్లో గొంగడి ఉన్నవాళ్లు మొదట దాన్నే కప్పి చూశారు. కురుమలు నల్ల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెట్టిన గొంగడికి మంచి బరువుంటుంది. కానీ ఉన్ని గుచ్చుకోవడం చాలామంది ఆటిజం పిల్లలకు భరించలేని సంగతి, ఒంటికి తగలగానే విసిరికొడతారు. పైగా మాంసం కోసం ఉన్నిలేని నెల్లూరు జాతితో కలిపి పెంచడం వల్ల దక్కనీ గొర్రెలు తగ్గి, గొంగడి దొరకడమే కష్టమైంది.

బొంత మాత్రం చాలా ఇళ్లల్లో నిలబడింది. వాడి వాడి మెత్తబడ్డ నూలు చీరలు నాలుగైదు పొరలు పరిచి, అంచు నుంచి లోపలికి వరసగా దారం పోసి కుడతారు. గుచ్చుకోదు, అమ్మ చీర వాసన ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది. బరువు చాలకపోతే కొందరు మధ్యలో జానెడు అరలు కుట్టి పెసలో ఉలవలో పోశారు. అది వద్దు. వానాకాలం రాగానే పురుగు పడుతుంది, ఉతికితే మొలకెత్తుతుంది, కొరికే అలవాటున్న బిడ్డ కుట్టు తెంపి గింజలు నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. గాజు పూసలైనా సరే, రెండు పొరల గట్టి బట్టలో, రెండు కుట్లు వేసి లోపల పెట్టాలి. నల్లగొండ మే నెల ఎండలో ఒళ్లంతా కప్పడం ఎలాగూ కుదరదు. తొడల మీద వేసుకునే చిన్న బరువు గుడ్డ చాలామందికి సరిపోతోంది, బడిలోనూ అదే తేలిక.

డాక్టర్ల భయాల్లో కొన్ని మాత్రం తీసిపారేయదగ్గవి కావు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఫిట్స్ వచ్చేవాళ్లు తక్కువేం కాదు. ఫిట్స్, ఆయాసం, కండరాల బలహీనత ఉన్న బిడ్డకు డాక్టర్‌ను అడగకుండా బరువు వేయకూడదు. పసిపిల్లలకు బరువున్న దుప్పటి, బరువున్న చుట్టుగుడ్డ ఏదీ వాడొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2022లో స్పష్టంగా చెప్పింది. అన్నిటికంటే ఆలోచించాల్సింది బడి సంగతి. ఒకే టీచర్, చాలామంది పిల్లలు ఉన్నచోట, అరుస్తున్న బిడ్డ మీద బరువు వేసి కూర్చోబెడదాం అనిపించడానికి ఎంతోసేపు పట్టదు. అలా చేస్తే అది వెసులుబాటు కాదు, శిక్ష. బడిలో శారీరక శిక్షను 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది.

కాబట్టి అధికారుల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు దుప్పటి ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. దుప్పటితోపాటే నియమాలు కూడా రాతలో అడగాలి. బిడ్డ తనంతట తానే తీసుకోవాలి, తానే తీసేయగలగాలి. తీసేయలేని బిడ్డకు ఇవ్వకూడదు. తల, ముఖం ఎప్పుడూ కప్పకూడదు, చుట్టకూడదు, బోర్లా పడుకోబెట్టి వేయకూడదు. పెద్దవాళ్లు ఒకరు అదే గదిలో ఉండాలి. వద్దని మాటతో చెప్పలేని బిడ్డ చేత్తో తోసినా, కాలితో తన్నినా అది వద్దన్నట్టే లెక్క. భవిత కేంద్రాల్లోని రిసోర్స్ పర్సన్లకు, బడి టీచర్లకు, మధ్యాహ్నం పిల్లలను చూసుకునే ఆయమ్మలకు ఇది నేర్పాకే దుప్పట్లు కేంద్రాలకు పంపాలి.