పాత బండి కూలెంట్ తాగదు

డిక్కీలో నీళ్ల క్యాను కనబడితే నాకు సగం సంగతి అర్థమైపోతుంది. ఒంగోలు కర్నూలు రోడ్డులో ఇరవై రెండేళ్లుగా కార్ల పని చేస్తున్నాను. ఎండలు ముదిరాయంటే వారానికి ఇద్దరు ముగ్గురు అదే క్యానుతో వస్తారు, అదే మాట చెబుతారు: "పాత బండి గదన్నా, కూలెంట్ తాగుద్ది. రోజూ కాసిని నీళ్లు పోసుకుంటన్నా."

అపోహ: పాత బండి అన్నాక కూలెంట్ తగ్గడం మామూలే, నీళ్లు పోసుకుంటూ నడిపితే చాలు.

వాస్తవం: కూలెంట్ అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, డీజిల్‌లాగా ఖర్చయిపోయేది కాదు. ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య అదే తిరుగుతుంటుంది. వేడెక్కి పొంగితే పక్కనున్న కూలెంట్ బాటిల్‌లోకి వస్తుంది, చల్లారితే వెనక్కి పోతుంది. ఏడాదిలో వేలెడు తగ్గితే కంగారు పడకండి. వారం వారం పోయాల్సి వస్తోందంటే మాత్రం అది ఎక్కడో బయటికి కారుతోంది, లేదా ఇంజిన్ లోపలికి పోతోంది.

"మరి కింద ఒక్క చుక్క కూడా పడట్లేదే?" అని అందరూ అడుగుతారు. వేడి ఇంజిన్ మీద కారింది కారినట్టే ఆవిరైపోతుంది, నేలదాకా రాదు. కొన్ని లీకులు ఇంజిన్ చల్లబడి పైపు క్లిప్పు దగ్గర పట్టు సడలాకే మొదలవుతాయి. అందుకే వెతకాల్సింది చుక్క కోసం కాదు, ఆరిపోయిన మరక కోసం.

పొదిలి వైపు నుంచి ఒక మాస్టారు వచ్చేవారు. పదహారేళ్ల డీజిల్ కారు. మూడు నెలలు బోరు నీళ్లు పోస్తూ నడిపారు. మన పడమటి ఊళ్లల్లో బోరు నీళ్ల సంగతి తెలిసిందే, కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం కడుతుంది. రేడియేటర్ గొట్టాల్లోనూ అంతే. పైగా నీళ్లు పోసేకొద్దీ కూలెంట్ పలచబడి, తుప్పు పట్టకుండా ఆపే గుణం తగ్గిపోతుంది.

కూతుర్ని కాన్పుకి నెల్లూరు తీసుకెళ్తుంటే ఉలవపాడు దాటాక హైవే మీద బండి ఆగిపోయింది. వేరే కారు మాట్లాడుకుని వెళ్లారు, తల్లీ బిడ్డా క్షేమం. "టెంపరేచర్ ముల్లు సగంలోనే ఉందయ్యా, పైకి పోనే లేదు" అన్నారాయన నాతో. ఆయన అబద్ధం చెప్పలేదు. సెన్సర్ చూసేది కూలెంట్ వేడిని. కూలెంటే ఖాళీ అయిపోతే ముల్లు మాటకి అర్థం లేదు.

వేడికి ఇంజిన్ పైభాగం, అదే హెడ్డు, వంగింది. లేత్ షాపులో ఫేసింగ్ చేయించి, అంటే చదును చేయించి, కొత్త గాస్కెట్ వేసి బిగించాను. అసలు లీకు ఎక్కడుందో తేలాలి కదా, ప్రెషర్ టెస్టర్ పెట్టాను. రేడియేటర్ మూత స్థానంలో బిగించి చేత్తో పంపు కొడతాం. మూత మీద ప్రెషర్ 1.1 అని ఉంటే అంతవరకే కొట్టాలి. టీ తాగి వచ్చేసరికి టెస్టర్ మీద ప్రెషర్ చూపే ముల్లు సగానికి దిగింది. టార్చి, చిన్న అద్దం పట్టుకుని ఇంజిన్ వెనక చూస్తే హీటర్‌కి పోయే పైపు కనబడింది. మన దగ్గర హీటర్ ఎవరు వేస్తారు, అటువైపు చూసేవాళ్లే లేరు. కానీ చాలా బండ్లలో హీటర్ వేసినా వేయకపోయినా అందులో కూలెంట్ తిరుగుతూనే ఉంటుంది. క్లిప్పు అంచున గులాబీ రంగు పొక్కు కట్టి ఉంది. గోటితో గీరితే పొడిలా రాలింది. దాని కింద వెంట్రుక మందం పగులు, అందులోంచి ఆవగింజంత చుక్క ఊరుతోంది.

పైపు ఖరీదు 350. హెడ్డు పని 28,000. బిల్లు చేతికిస్తుంటే నాకే ప్రాణం ఉసూరుమంది.

మీరు చేయాల్సింది ఏమంటే, పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద బాటిల్‌పై స్కెచ్ పెన్నుతో గీత పెట్టండి. వారం తర్వాత అదే వేళకి చూడండి. తగ్గితే హోస్ చివర్లు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం, రేడియేటర్‌లో ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియాన్ని కలిసే అంచు, ఈ చోట్ల రంగు మరక ఉందేమో వెతకండి. లోపల కాళ్ల దగ్గర మ్యాట్ తడిగా ఉండి తియ్యటి వాసన వస్తే అది హీటర్ కోర్ లీకు, అంటే డ్యాష్‌బోర్డు లోపల హీటర్‌కి ఉండే చిన్న రేడియేటర్ కారుతున్నట్టు. ఆయిల్ మూత కింద మీగడలాంటిది కనబడి, కూలెంట్ కూడా తగ్గుతుంటే, ఇక స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని పిలవండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రేడియేటర్‌లో పసుపు పోస్తే లీకు ఆగుతుందంటారు. ఒకవేళ ఆగినా ఆ పసుపు సన్నటి గొట్టాల్లో కూడా అడ్డం పడుతుంది. తర్వాత ఆ ముద్దంతా కడిగేది మేమే, దయచేసి పోయకండి. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు, థర్మోస్టాట్, దాన్ని పీకేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందని చెప్పే మెకానిక్‌లూ ఉన్నారు. చేరాల్సిన వేడికి చేరక డీజిల్ ఎక్కువ తాగుతుంది, లీకు లీకులాగే ఉంటుంది. కూలెంట్ రంగు చూసి కొనకండి, బండి పుస్తకంలో రాసిన రకం చూడండి.

ఏసీ వేసి ఆపాక కింద నీళ్లు కనబడగానే భయపడి ఫోన్ చేసేవాళ్లున్నారు. చెయ్యండి, తప్పేం లేదు. రంగూ వాసనా జిడ్డూ లేకపోతే చాలావరకు అవి ఏసీ నీళ్లే, టెన్షన్ పడొద్దు.

వేడి మీద మూత మాత్రం ఎవరు చెప్పినా తిప్పకండి. ప్రెషర్ వల్ల లోపల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులవగానే ఒక్కసారిగా మరిగి మీదికి ఎగజిమ్ముతాయి. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి మోచేతి దాకా ఇప్పటికీ మచ్చ ఉంది. అరగంట కాదు, గంటైనా ఆగండి.

కింద ఒలికిన కూలెంట్‌ని అలాగే వదిలేయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి. అది విషం, కొంచెం చాలు కిడ్నీలు పోవడానికి. ఇసుక చల్లి, ఎత్తేసి, ఆ చోటు నీళ్లతో కడగండి.